అతుకు పక్కన బొటనవేలు

సొరంగం మూతి దగ్గర ఒక రేకు గది ఉండేది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడవునా అట్టపెట్టెలు. పెట్టెల నిండా తెల్ల నూలు గ్లవ్స్. సొరంగంలోకి వెళ్లే ప్రతి మనిషీ ఆ గది కిటికీ ముందు ఆగి రెండు చేతులూ చాపాలి. మేస్త్రి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఘాటైన వాసన వేసే మందులో ముంచిన గుడ్డతో తుడిచి, ఉతికిన జత ఒకటి ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకునేవాడు. బయటికి వచ్చేటప్పుడు ఆ జత మళ్లీ అతనికే అప్పగించాలి.

మేస్త్రి వయసు నలభై తొమ్మిది. ఇరవై ఆరేళ్లు స్టీలు పైపులు కోసి, వంచి, అతికిన మనిషి. ఇప్పుడు అందరి చేతులూ తుడుస్తున్నాడు.

రోజూ ఏడున్నరకు అతని తోడల్లుడు వరసలో నిలబడేవాడు. ముప్పై నాలుగేళ్ల వాడు, సొరంగంలో ముఖ్యమైన వెల్డర్లలో ఒకడు. మేస్త్రి భార్య అక్క, అతని భార్య చెల్లెలు.

"అన్నయ్యా, కానివ్వండి" అని చేతులు చాపేవాడు.

"వెనక్కి తిప్పు."

"తిప్పాను."

"గోళ్లు."

"నిన్ననే కత్తిరించాను. మీరే చూశారు కదా."

"నిన్నటిది నిన్నే. ఇవాళ్టిది ఇవాళే."

వెనక నిలబడ్డ ఫిట్టరు ఊరుకునే రకం కాదు. "మేస్త్రిగారూ, మా ఆవిడ కూడా నా చేతుల్ని ఇంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు. కాస్త శుభ్రంగా ఉన్నాయని ఒక చీటీ రాసివ్వండి, ఇంట్లో చూపిస్తాను" అనేవాడు. వరసంతా నవ్వేది. తోడల్లుడు కూడా నవ్వేవాడు. మేస్త్రి నవ్వకుండా పెట్టెలో వెతికి, వేలి దగ్గర కుట్టు వేసిన జత ఒకటి ఏరి తోడల్లుడికి ఇచ్చేవాడు. అతను ఒక్కసారైనా "మంచి జత ఇవ్వండి" అని అడగలేదు. అడిగి ఉంటే మేస్త్రికి కాస్త హాయిగా ఉండేది.

ఆ పనిచోట ఓడల్లో వచ్చే గ్యాసును దింపుకోవడానికి కట్టడం జరుగుతోంది. గ్యాసును సున్నాకు నూట అరవై డిగ్రీలు దిగువకు చల్లబరిస్తే నీళ్లలా మారుతుంది. ఆరువందల గదుల్లో పట్టేది ఒక్క గదిలో ఇముడుతుంది. ఓడలు దాన్ని అలాగే తెస్తాయి. ఓడ నుంచి ట్యాంకుల దాకా పైపులో నడిపించడం దగ్గరే చిక్కు వస్తుంది. ఆ చలికి స్టీలు ముడుచుకుంటుంది. వంద మీటర్ల పైపు అడుగు మేర కురచవుతుంది. రెండు చివరలూ బిగించి ఉంటే పైపు అయినా తెగాలి, పట్టి ఉంచిన దిమ్మైనా పగలాలి. అందుకని తిన్నగా పోయే పైపును మధ్యమధ్య పక్కకు తిప్పి, గుమ్మంలా ఒక మెలిక వేసి మళ్లీ దారిలోకి తెస్తారు. పైపు ముడుచుకున్నప్పుడు ఆ మెలిక కాళ్లు వంగి సర్దుకుంటాయి.

ఆ మెలికలు వెయ్యడంలో మేస్త్రిని మించినవాడు లేడని పేరు. అతన్ని మెలికల మేస్త్రి అనేవారు. చివరి అతుకు వేసే ముందు పైపును అది ముడుచుకునే కొలతలో సగం మేర కురచగా కోసి, మిగిలిన ఖాళీని గొలుసు కప్పీతో లాగి దగ్గరికి తేవాలి. ఎంత లాగాలో ఇంజనీర్లు కాగితం మీద రాసిచ్చేవారు. ఎప్పుడు ఆపాలో మాత్రం గొలుసు మీద పెట్టిన అరచేతితో తెలుసుకునేవాడు. మూడు రేవుల్లో, రెండు ఎరువుల కార్ఖానాల్లో అతని మెలికలు ఇప్పటికీ ఏడాదికి ఎన్నోసార్లు వంగి, మళ్లీ నిటారవుతున్నాయి.

ఈ పనికీ అందుకే పిలిచారు. అయితే అతను చేరిన రెండో నెలలో నక్షా మారింది. ఓడలు ఆగే జెట్టీ ఒక ఒడ్డున ఉంది, ట్యాంకులు ఎదుటి ఒడ్డున. మధ్యలో రెండు కిలోమీటర్ల సముద్రం. పైపును దాని అడుగున తవ్విన సొరంగంలో నడపాలి. మెలికలు పట్టాలంటే సొరంగం ఇంచుమించు రెండింతలు వెడల్పు ఉండాలి. కాబట్టి మెలికలే అక్కర్లేని లోహం తెప్పించారు. ఇనుములో మూడో వంతుకు పైగా నికెల్ కలిపిన మిశ్రమలోహం. ఇన్వార్ అంటారు.

దాన్ని పనివాళ్లకు చూపించడానికి తనిఖీ ఇంజనీరమ్మ ఒక ఉదయం షెడ్డులో అందరినీ కూర్చోబెట్టింది. ఒక తొట్టిలో తెల్లగా పొగలు కక్కే చల్లటి ద్రవం. అందులో ఒకే పొడవున్న రెండు కడ్డీలు, స్టీలుది ఒకటి, ఇన్వార్‌ది ఒకటి. ఒక్కో కడ్డీకి గడియారంలాంటి కొలత బిళ్ల. కడ్డీలు మునిగిన కాసేపటికి స్టీలు వైపు ముల్లు గిరగిరా తిరిగింది. రెండో ముల్లు కొంచెం అటు జరిగి ఆగింది.

"అంతేనా?" అన్నాడు ఫిట్టరు.

"అంతే. అదే చలికి వంద మీటర్లకు రెండు మూడు వేళ్ల వెడల్పు. ఆ కాస్త లాగుడు చివర దిమ్మెలు తట్టుకుంటాయి. జెట్టీ నుంచి ట్యాంకు దాకా తిన్నటి పైపు, ఒక్క వంపు లేకుండా" అంది ఇంజనీరమ్మ.

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి కూడా కొట్టాడు. ఆగిపోయిన ఆ ముల్లు వైపే చూస్తుంటే, ఎవరో తన ముందు కూర్చుని తనతో మాట్లాడనని మొండికేసినట్టు అనిపించింది అతనికి.

ఇన్వార్ మీద పనిచెయ్యాలంటే వేరే పరీక్ష నెగ్గాలి. తోడల్లుడు, మేస్త్రి ఒకేరోజు కూర్చున్నారు. తొమ్మిదేళ్ల కిందట పెళ్లయి పని లేకుండా తిరుగుతున్న ఆ తోడల్లుడికి వెల్డింగు టార్చి పట్టించినవాడు మేస్త్రే. "ఊపిరి బిగబట్టకు, వదులుతూ చెయ్యి నడుపు" అని వీపు మీద చరిచి నేర్పాడు. పరీక్ష రోజున అతని చెయ్యే మాట వినలేదు. ఇన్వార్ కరిగితే స్టీలులా పారదు, బద్ధకంగా పడి ఉంటుంది. దాన్ని కదిలించడానికి మేస్త్రి వేడి పెంచాడు. పక్కన నిలబడ్డ శిక్షకుడు రెండుసార్లు చెప్పాడు.

"తరమకండి మేస్త్రిగారూ. దాన్ని దాని దారిన నడవనివ్వండి."

ఇరవై ఆరేళ్ల చెయ్యి తరిమింది. రెండోసారీ తరిమింది. ముక్కను వంచి చూస్తే వెంట్రుక మందాన పగులు కనబడింది. తోడల్లుడి ముక్క వంగింది గానీ పగలలేదు. బయటికి వస్తూ అతను అందరి ముందూ, "అంతా అన్నయ్య చలవే" అన్నాడు. వాడు గర్వంగా చూసినా భరించేవాణ్నని మేస్త్రి తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఉద్యోగం తీసెయ్యకుండా అతన్ని గ్లవ్స్ గదిలో పెట్టారు. ఇన్వార్‌కు చెమట పడదు. ఉత్త చేత్తో ముట్టుకుంటే వారం పది రోజుల్లో ఆ వేళ్లు పడ్డ చోటల్లా తుప్పు తేలుతుంది. సొరంగంలోని ఉప్పు తేమకు ఇంకా తొందరగా వస్తుంది. కంపెనీ నిబంధన గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది. అప్పగించకముందు ఏ అతుకు దగ్గరైనా చేతి మచ్చ కనబడితే ఆ అతుకు వేసిన వెల్డరు సొరంగం వదిలి షెడ్డు పనికి వెళ్లాలి. వెల్డరు కానివాడు ముట్టుకున్నట్టు తేలితే గేటు పాసు రద్దు.

ఇంటి దగ్గరా తప్పించుకునే దారి లేదు. ఇద్దరివీ ఒకే మేడలో అద్దె వాటాలు, మేస్త్రిది కింద, తోడల్లుడిది పైన. అత్తగారు చిన్నకూతురి దగ్గరుండేది. ఆవిడ మాట మెట్ల మీదుగా స్పష్టంగా దిగివచ్చేది.

"చిన్నల్లుడికి చివరి అతుకు ఇస్తారట. రెండు ఒడ్డుల నుంచీ వచ్చే పైపులు సముద్రం నడిమధ్యన కలిసే చోటట. అది వేసినవాడికి ముందు ముందు తిరుగు లేదటే!"

"మెల్లిగా అమ్మా" అనేది చిన్నకూతురు.

"మెల్లిగా ఎందుకు? ఇదేమన్నా దొంగసొత్తా? పెద్దల్లుడు గారు వింటే సంతోషిస్తారు. ఆయన నేర్పిన విద్యే కదా."

మేస్త్రి కింద కూర్చుని బూటు తాడు విప్పుకుంటూ ఆ మాటలో ఎత్తిపొడుపు ఎక్కడుందా అని వెతికేవాడు. ఉన్నట్టే ఉండేది, పట్టుకోబోతే దొరికేది కాదు. పైన తీగ మీద ఆరేసిన తోడల్లుడి పనిబట్టలు తెల్లగా మెరిసేవి. తన బట్టల మీద ఇరవై ఆరేళ్ల మరకలు వదల్లేదు. పదో తరగతి చదివే తన కూతురు లెక్క రాకపోతే పుస్తకం పట్టుకుని తిన్నగా మెట్లెక్కి "బాబాయ్" అని పిలిచేది. ఒకసారి అడిగాడు కూడా.

"నన్నెందుకడగవు?"

"నువ్వు కోప్పడతావు నాన్నా. బాబాయి రెండోసారి కూడా చెబుతాడు."

చివరి అతుకుకు ఇంకా మూడు వారాలుండగా ఒక ఉదయం సూపర్‌వైజరు గది కిటికీలోంచి తొంగిచూశాడు. సొరంగం మధ్య మజిలీలో దాచిన గ్లవ్స్ పెట్టె తడిసిపోయిందట. తోపుడు బండి తోసేవాడు సెలవు. "మేస్త్రిగారూ, మీరే ఓసారి పట్టుకెళ్లరాదూ? కాస్త నడక, అంతే."

నక్షా మారాక అతను సొరంగంలో అడుగు పెట్టడం అదే మొదలు. తన చేతులు తానే తుడుచుకుని, గ్లవ్స్ వేసుకుని, తానే సంతకం పెట్టి, బండి తోసుకుంటూ బయల్దేరాడు. గోడ వారగా దీపాలు, రెండో వైపు పైపు. నడిచే కొద్దీ పైపు వస్తూనే ఉంది. వంద మీటర్లకు ఎడమ పక్కన మెలిక ఉండాల్సిన చోటు వచ్చింది. అక్కడ గోడే ఉంది. ఇంకో వంద మీటర్లు, అక్కడా గోడే. ఆ పని తనకే అప్పగించి ఉంటే ఎక్కడెక్కడ ఏం కట్టేవాడో కళ్లకు కట్టినట్టు కనిపించింది. లేని మెలికల్ని లెక్కపెడుతూ తొమ్మిదో దాని దగ్గర ఆగాడు.

అక్కడ కొత్త అతుకు ఒకటుంది. ఇంకా పైపూత వెయ్యలేదు. పక్కన తీగతో కట్టిన రేకు బిళ్ల మీద వెల్డరు నంబరు 17. తోడల్లుడి నంబరు.

మేస్త్రి బండి ఆపి వంగి చూశాడు. కరిగి గట్టిపడిన లోహపు వరసలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, ఒకే కొలతలో, పైపు చుట్టూ తిరిగిపోయాయి. ఆపి మళ్లీ మొదలెట్టిన చోటు ఎక్కడో కనబడలేదు. కానీ మంచి అతుకు కంటికి అందంగా ఉన్నంత మాత్రాన సరిపోదని అతనికి తెలుసు. అంచున లోహం కొరికినట్టు పల్లం పడితే అది కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. స్టీలు పనివాడు ఎవడైనా సరే, అతుకు చల్లారగానే చేసే మొదటి పని బొటనవేలు అంచు వెంట నడపడమే. గ్లవ్ మీద నుంచి ఏమీ తెలియదు.

కుడిచేతి గ్లవ్ పళ్లతో లాగేశాడు.

బొటనవేలు అతుకు అంచున పెట్టి మెల్లిగా నడిపాడు. పైనుంచి పక్కకు, పక్కనుంచి కిందకు. లోహం చల్లగా, నున్నగా ఉంది. ఒక్కచోటైనా, గోరంత పల్లమైనా ఉంటే చాలుననుకున్నాడు. ఎవరికీ చెప్పనక్కర్లేదు, తనకు తెలిస్తే చాలు. మళ్లీ పైకి వచ్చాడు. ఒకచోట ఏదో తగిలినట్టయి వేలు గట్టిగా అదిమాడు. తీసి చూస్తే అది దుమ్ము రేణువు.

అప్పుడే ఎదర నుంచి చక్రాల చప్పుడైంది. గ్లవ్ తొడుక్కునేలోగా తోడల్లుడు ఎత్తుగా పేర్చిన సామాను బండి తోసుకుంటూ దగ్గరికి వచ్చేశాడు. తుడిచే గుడ్డ మేస్త్రి జేబులోనే ఉంది. తీసి తుడిస్తే, ఎందుకు తుడుస్తున్నాడో చెప్పాలి.

"అదేంటన్నయ్యా, మీరొచ్చారు? కబురు పెడితే నేనే వచ్చేవాణ్నిగా."

"గ్లవ్స్ పెట్టె. తడిసిందట."

తోడల్లుడు అతుకు వైపు, మేస్త్రి వైపు చూశాడు. అతని మొహంలో చిన్నపిల్లవాడి బెరుకు కనబడింది. "ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"నిజంగానా? తొమ్మిదేళ్లలో మీ నోటి నుంచి ఈ ముక్క వినడం ఇదే మొదలు. ఇవాళ ఇంటికెళ్లి చెప్పుకోవాలి."

చెప్పుకున్నాడు కూడా. ఆ సాయంత్రం పైనుంచి నవ్వులు వినిపించాయి.

తర్వాత ఎనిమిది రోజులపాటు మేస్త్రికి ప్రతి ఉదయం ఏదో ఒక వంక పెట్టి లోపలికి వెళ్లే వీలుండేది. ఆ చోటు మందుగుడ్డతో రెండుసార్లు రుద్దితే సరిపోయేది. ఇవాళ వెళ్దాం అనుకునేవాడు. తోడల్లుడు కిటికీ ముందు చేతులు చాపి, "చివరి అతుకు రోజున మీరు పక్కనుండాలి అన్నయ్యా, ఇంజనీరమ్మను అడిగి పెట్టాను" అనేవాడు. అది విన్నాక ఇక ఆ పూట కదలబుద్ధయ్యేది కాదు. ఏమో, వేలు పొడిగానే ఉందేమో, మచ్చ రాదేమో. వస్తే మాత్రం ఏమవుతుంది? ఆ రెండో ఆలోచన వచ్చినప్పుడు అతను రిజిస్టరు తెరిచి గీతలు కొట్టుకుంటూ కూర్చునేవాడు.

తొమ్మిదో రోజు ఇంజనీరమ్మ గ్లవ్స్ గదికే వచ్చింది. తోడల్లుణ్నీ అక్కడికే పిలిపించింది. బల్ల మీద ఒక ఫొటో పెట్టింది. తళతళలాడే లోహం మీద ఇటుక రంగులో బొటనవేలి ముద్ర. అడ్డంగా ఒక సన్నటి గీత మేర తుప్పు లేదు.

మేస్త్రి చెయ్యి దానంతట అదే బల్ల కిందికి పోయింది. ఆ గీత అతని కుడి బొటనవేలి మీద ఉన్న కోత. ఆరేళ్ల కిందట గ్రైండింగు చక్రం విరిగి తెగింది. అక్కడ చర్మం నున్నగా అతుక్కుపోయింది, చెమట పట్టదు.

"నంబరు పదిహేడు. మీ అతుకు. పైపైన సానబట్టి చూశాం, లోపలికి దిగలేదు. పైపు కొయ్యక్కర్లేదు. కానీ నిబంధన నిబంధనే. గ్లవ్ ఎవరు తీశారు?" అంది ఇంజనీరమ్మ.

తోడల్లుడు ఫొటో తీసుకుని చూశాడు. ఒక క్షణం ఎక్కువే చూశాడు. తల ఎత్తి మేస్త్రి వైపు మాత్రం తిరగలేదు.

"నేనే అయ్యుంటాను మేడం. ముసుగు సర్దుకునేటప్పుడు తీసి ఉంటాను. గుర్తు లేదు."

"గుర్తు లేదంటే ఎలా? చివరి అతుకు మీకే అనుకున్నాం."

"తప్పు నాదే."

ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది. తోడల్లుడు వేసుకున్న గ్లవ్స్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. వేలి దగ్గర కుట్టు వేసిన జత. సంతకం పెట్టి షెడ్డు వైపు నడిచాడు.

మేస్త్రి మొదట బతికిపోయాననుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. మధ్యాహ్నానికల్లా ఆ హాయి కాస్తా పోయింది. వాడికి తెలిసిపోయింది. తెలిసీ మాట్లాడలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"విన్నారా? చెల్లెలు పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు. చివరి అతుకు పోయిందట. ఎవడి వెధవ చెయ్యో పడి ఉంటుందని దాని అనుమానం. మరిదిగారు మాత్రం ఒక్కణ్నీ అనకుండా తప్పు తనదేనన్నారట. అంత పెద్ద మనసు ఎవరికుంటుంది చెప్పండి!"

అతను బూట్లు విప్పకుండా మేడ మీదికి వెళ్లాడు. తోడల్లుడు తీగ మీది బట్టలు తీస్తున్నాడు.

"నీకెవడు చెప్పాడు నెత్తిన వేసుకోమని?"

"మెల్లిగా అన్నయ్యా. అత్తయ్య లోపలున్నారు."

"ఎవడు చెప్పాడంటున్నాను."

తోడల్లుడు చేతిలోని చొక్కా మడిచాడు. "ఆ వేలికి కట్టు కట్టింది నేనే కదా. నాకు తెలీదా? నన్నైతే షెడ్డులోకి పంపారు, అంతే. ఏడాది తిరిగేలోపు ఇంకో సొరంగం వస్తుంది. మీకైతే గేటు పాసు పోతుంది. ఈ వయసులో మళ్లీ ఎక్కడ..."

"ఏం వయసు?"

"అది కాదు నేననేది."

"నేనెందుకు ముట్టుకున్నానో తెలుసా నీకు?"

"అలవాటు కొద్దీ ముట్టుకుని ఉంటారు. స్టీలు చెయ్యి."

"కాదు."

"అలవాటే అనుకుంటాను నేను."

"అనుకోకు" అన్నాడు మేస్త్రి. "నా గురించి మంచిగా అనుకోమని నిన్నెవడూ అడగలేదు."

తోడల్లుడు బట్టలు భుజాన వేసుకుని, పక్కకు తప్పుకుని, "దిగేటప్పుడు చూసుకోండి, మూడో మెట్టు విరిగింది" అన్నాడు.

ఆ మెట్టు దగ్గర నిలబడి ఉండగానే మేస్త్రికి సంగతి పూర్తిగా అర్థమైంది. పరీక్ష వాడు నెగ్గాడు, సరే. సొరంగం వాడిది, కూతురి లెక్కలు వాడివి, అత్తగారి నోటి మాట వాడిది. ఇప్పుడు ఈ మంచితనం కూడా వాడికే. ఇకమీదట ప్రతి ఉదయం వాడు కిటికీ ముందు నుంచి షెడ్డుకు నడిచిపోతుంటే, వాడి చలవ మీద కూర్చుని పరాయివాళ్ల గోళ్లు చూడాలి. ఒక్క మాట కూడా అనడు వాడు. జీవితాంతం అనడు.

మర్నాడు ఎనిమిదింటికి అతను ఇంజనీరమ్మ గదికి వెళ్లాడు. రిజిస్టరు చంకలో ఉంది, వేలిముద్రల సిరా డబ్బా చేతిలో ఉంది. అడక్కుండానే తెల్లకాగితం మీద కుడి బొటనవేలు అదిమాడు. ఆవిడ సొరుగులోంచి ఫొటో తీసి పక్కన పెట్టుకుంది. అడ్డగీత అడ్డగీతకు సరిపోయింది.

"మిమ్మల్నెవరైనా పంపారా?"

"లేదమ్మా."

"పొరపాటున తగిలిందా?"

"లేదు. తప్పు దొరుకుతుందేమోనని ముట్టుకున్నాను."

"దొరికిందా?"

"లేదమ్మా."

ఆవిడ ఫొటోను సొరుగులో పెట్టేసింది. "వెంటనే తుడిచేస్తే పోయేది. ఆ సంగతి ఈ పనిచోట మీకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు."

"తెలుసు."

"ఇప్పుడెందుకు చెబుతున్నారు? ఆయన ఒప్పేసుకున్నారు కదా."

"అందుకే" అన్నాడు మేస్త్రి.

పదింటికి గేటు పాసు తీసుకున్నారు. గ్లవ్స్ గది తాత్కాలికంగా ఫిట్టరుకు అప్పగించారు. ఆ ఫిట్టరు అన్నిసార్లు నవ్వించినవాడు, ఆ రోజు తాళంచెవి అందుకుంటూ, "ఈ మందు వాసనకి మీకు తలనొప్పి వచ్చేది కాదా మేస్త్రిగారూ?" అని మాత్రం అడిగాడు. నెలన్నర తర్వాత మేస్త్రి ఒక ఐసు కార్ఖానాలో పైపుల మరమ్మతుకు చేరాడు. అక్కడ చలి తక్కువ, మెలికలు చిన్నవి. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. తోడల్లుడు పదిహేను రోజుల్లో చివరి అతుకు వేశాడు. బాగానే వచ్చిందన్నారు.

పాసు పోయిన రోజు సాయంత్రం మాత్రం వేరుగా చెప్పుకోవాలి. సంగతి మేస్త్రి కంటే ముందే ఇంటికి చేరింది. అత్తగారు పదేళ్లలో మొదటిసారి పెద్దకూతురి వాటాలో భోజనానికి కూర్చుంది. చిన్నకూతురూ, తోడల్లుడూ కూడా దిగివచ్చారు. భార్య కళ్లు వాచి ఉన్నాయి గానీ, వడ్డించే చెయ్యి చకచకా ఆడుతోంది.

"ఉద్యోగం పోతే పోయింది పెద్దల్లుడు గారూ" అంది అత్తగారు. "తప్పు చెయ్యని మనిషెవడు? తనంతట తాను వెళ్లి, నేనే చేశానని కడుపులో ఉన్నది కక్కినవాడు ఎక్కడున్నాడు? మా ఆయన చేసుండేవాడా? చచ్చినా చెయ్యడు. నేనైతే ఇలాంటివాణ్ని చూళ్లేదు."

"నాన్నే చెప్పాడంట అమ్మమ్మా. ఎవరూ అడక్కుండానే" అంది కూతురు. అని తండ్రి పక్కకు జరిగి కూర్చుంది.

"అదే కదే నేననేది. అలా నిలబడటానికి గుండె కావాలి."

మేస్త్రి తల వంచుకుని తింటున్నాడు. ఆ పొగడ్తకు తాను తగనని అతనికి తెలుసు. ఎందుకు చెప్పాడో అక్కడ ఇంకొకడికి కూడా తెలుసు. తల ఎత్తి ఎదురుగా చూశాడు.

తోడల్లుడు అన్నం కలుపుతున్న వేళ్లు ఆపేశాడు. ఒప్పుకోలు ముందు చేసింది అతను. మెచ్చుకోలు ఇటు వచ్చింది. అతను అత్తగారి వైపు ఒకసారి, మేస్త్రి కూతురి వైపు ఒకసారి చూశాడు. పెదవులు నవ్వుతున్నట్టే ఉన్నాయి. కళ్ల కింద మాత్రం ఏదో కొంచెం బిగిసి, వెంటనే సర్దుకుంది. ఇంకెవరూ గమనించలేదు. మేస్త్రికి అది చిరపరిచితం. ఏడాదిగా రోజూ గెడ్డం గీసుకునే అద్దంలో చూస్తున్నదే.

"ఇంకాస్త వడ్డించనా?" అంది భార్య.

"వెయ్యి" అన్నాడు మేస్త్రి. ఆ పూట అతను రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.